అడగకముందే బల్లమీద పెట్టిన తాళంచెవి

తార్నాకలో ఒక పెద్ద గొడుగు కింద, ఆకురాయి రాపిడికి పుట్టిన డూప్లికేట్ తాళంచెవిని నేను. నన్ను చేసినాయన నా పళ్లలో ఒకదాన్ని కాస్త ఎక్కువ అరగదీశాడు. అందుకే తలుపును కొంచెం ముందుకు లాగి పట్టుకుంటే తప్ప నేను తిరగను. అసలు తాళంచెవికి ఆ బాధ లేదు. అది ఇంటి యజమాని మురహరి జేబులో, బ్యాంకు ఆఫీసరు దర్జాతో తిరిగేది.

నన్ను చేయించింది బరాకా కోసం. టాంజానియా నుంచి వచ్చి ఇక్కడ ఎం.టెక్. చదువుతున్న ఇరవై ఆరేళ్లవాడు. అతని రంగు చూసి చుట్టుపక్కల ఎవరూ గది ఇవ్వలేదు. మురహరి ఇచ్చాడు. అంతకుముందే మనసు కూడా ఇచ్చాడు, కాకపోతే పొరుగువాళ్లకు పేయింగ్ గెస్టు అని చెప్పుకొన్నాడు. ఒకరంటే ఒకరికి ప్రాణం, ఆ మాట ఒట్టేసి చెప్తాను. కానీ ఏ చిన్న పట్టింపు వచ్చినా మురహరి చెయ్యి చాపేవాడు, తాళంచెవి ఇటియ్యమని. సాంబారులో ఉప్పు దగ్గర గొడవైనా అంతే. బరాకా నన్ను ఆ చేతిలో పెట్టి నోరు మూసుకునేవాడు. సాయంత్రానికి మళ్లీ అతని జేబులో ఉండేదాన్ని. తన మాటే నెగ్గిందని మురహరి మురిసిపోయేవాడు. నెగ్గింది నేనని నాకు తెలుసు.

పడగ్గది సంగతీ అంతే. మొదట్లో కండోమ్ లేకుండా మురహరి దగ్గరికి రానిచ్చేవాడు కాదు. మంచి అలవాటని మెచ్చుకుందామంటే, ఆఫ్రికా అనగానే జబ్బు గుర్తొచ్చే బుర్ర అతనిది. టెస్టు చేయించుకు రమ్మని బరాకాను పంపాడు. ఏమీ లేదని తేలాక హాయిగా ఊపిరి పీల్చుకుని, ఇక ఆ ప్యాకెట్లతో పని లేదన్నాడు. తను మాత్రం జన్మలో టెస్టు చేయించుకోలేదు. అంతకుముందు అతనికి స్నేహాలు లేకపోలేదు. అయినా చదువుకున్నవాణ్ని, మంచి కుటుంబంవాణ్ని, నాకేముంటుందన్న ధీమా. మనుషుల ధీమా ఈ ఇత్తడి బుర్రకు ఎప్పుడూ ఎక్కదు.

ప్యాకెట్లు వద్దన్న ఆ వారమంతా బరాకా సరిగా అన్నం తినలేదు. అదీ ఇదీ సాకు చెప్పి విడిగా పడుకున్నాడు. జేబులో అతని వేళ్లు నన్నే నలుపుతుండేవి. నీ టెస్టు ఏదని అడిగితే ఇల్లు పోతుంది. పరీక్షల ముందు మళ్లీ గది ఎవరిస్తారు? అడక్కపోతే లేని జబ్బు ఒంటిమీదికి తెచ్చుకోవాలి.

ఆదివారం పొద్దున మురహరి ఉప్మా తింటుంటే బరాకా వచ్చి నన్ను ప్లేటు పక్కన పెట్టాడు. మురహరి అప్పటికింకా చెయ్యి చాపలేదు. ఏమైందన్నట్టు తలెత్తి చూశాడు.

బరాకాది కాలేజీ మెస్సులో నేర్చుకున్న తెలుగు. "తాళంచెవి ఆడ పెట్టిన. ఇగ నువ్వు గుంజుకునేదేం లేదు," అన్నాడు. "ఇప్పుడు అడుగుత. నీ టెస్టు ఏది?"

మురహరి ముఖం కందిపోయింది. నా ఇంట్లో ఉంటూ నన్నే అనుమానిస్తావా అని అందుకున్నాడు. అలవాటు కొద్దీ చెయ్యి చాపబోయి, నేను ఎదురుగానే ఉండటం చూసి ఆగిపోయాడు. ఆ చేతిని ఏం చేసుకోవాలో తెలియలేదు. బరాకా భుజాన సంచి ఉందని అప్పుడు గమనించాడు. ఉప్మా చల్లారిపోయింది.

"నాకు భయం," అన్నాడు మురహరి చివరికి. "ఏమన్నా ఉందంటారేమోనని."

"నాకూ భయమే అయింది," అన్నాడు బరాకా. "ఒక్కణ్నే పోయొచ్చిన."

మురహరి ప్లేటు పక్కకు జరిపి, రేపు నాతో వస్తావా అని అడిగాడు.

మర్నాడు ఇద్దరూ కలిసి సర్కారు దవాఖానకు వెళ్లారు. నేను బల్లమీదే ఉన్నాను, అంతసేపు ఎప్పుడూ ఎదురుచూడలేదు. తిరిగొచ్చాక మురహరి గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. ఏమీ లేదట. బరాకా పక్కన కూర్చుని నవ్వాడు. అమ్మయ్య అనుకున్నాను. కొన్ని జబ్బులు వెంటనే బయటపడవట, మూడు నెలలాగి మళ్లీ చూపించుకోవాలి, అందాకా ప్యాకెట్లు ఉండాల్సిందే అన్నాడు బరాకా. ఆ తర్వాత కూడా నువ్వు వద్దనేదాకా ఉంటాయి అన్నాడు మురహరి. ఆ ఇంట్లో అలాంటి మాట వినడం నాకదే మొదలు.

ఇంకొకటి చేశాడు. తన జేబులోని అసలు తాళంచెవిని బరాకాకిచ్చి, నన్ను తన గుత్తికి తగిలించుకున్నాడు.

ఇప్పుడు రోజూ ఆఫీసు నుంచి వచ్చి నాతో కుస్తీ పడతాడు. తలుపు లాగి పట్టుకోవాలని బరాకా ఎన్నిసార్లు చూపించినా చేతకాదు. చివరికి బెల్లు కొట్టి, తన గుమ్మం ముందు తనే నిలబడతాడు. బరాకా వచ్చి తలుపు తీస్తాడు.