కాజాల పెట్టెలో కప్పతల్లి

నేను ఒక అద్దాల పెట్టెను. అలాంటి ఇలాంటి పెట్టెను కాను. నా పలకలన్నీ ఓడెక్కి సముద్రాలు దాటి వచ్చిన బెల్జియం అద్దాలు. ఒక జమీందారుగారు తమ కెంపుల తలపాగా దాచుకోవడానికి నన్ను చేయించారు. ఇద్దరు బంట్లు బరిసెలు పట్టుకుని నాకు కాపలా కాసేవారు. వాళ్ళలో ఒకడు నా అద్దంలో చూసుకుంటూ మీసం దువ్వుకోవడంలో పడి, యుద్ధానికి వెళ్ళడమే మరిచిపోయాడు.

నమ్మేశారా? మీ మంచితనానికో దండం. అసలు సంగతేమిటంటే, మా మెట్ట ఊళ్ళో మిఠాయి కొట్టు త్రిమూర్తులు, కూలగొట్టిన బియ్యం మిల్లు కిటికీ అద్దాలు తెచ్చి, మామిడి చెక్కతో నన్ను కొట్టించాడు. నేను చూసిన కెంపులల్లా జిలేబీలే. ఇరవై ఏళ్ళు కాజాలు మోశాను. దారినపోయే ప్రతివాడూ నావంక ఎంత ప్రేమగా చూసేవాడో! ఆ చూపులు నాకోసం కాదని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. త్రిమూర్తులుకు షుగరొచ్చి కొట్టు మూసేశాక, నన్ను ఇంటి అరుగు మీద పెట్టి ఉల్లిపాయలు పోశారు. మళ్ళీ ఒక్కడు పలకరిస్తే ఒట్టు.

ఆ ఏడు ఆషాఢం దాటినా చినుకు లేదు. చేలు నెర్రెలిచ్చాయి. ఊరి ఆడవాళ్ళు కప్పతల్లి ఆడారు. ఒక కప్పను పట్టి, వేపమండలతో పాటు రోకలికి కట్టి, ఇంటింటికీ తిప్పడమన్నమాట. ప్రతి ఇంటివాళ్ళూ దాని మీద బిందెడు నీళ్ళు పోసి వాన అడుగుతారు. కప్పను కట్టింది త్రిమూర్తులు భార్య వీరవేణి. ఆవిడ వేసిన ముడి విప్పాలంటే మళ్ళీ ఆవిడే రావాలని ఊళ్ళో పేరు.

ఆ సాయంత్రమే కుండపోత. వాన కావాలని ఊరంతా తిరిగినవాళ్ళు, వానొస్తే తడుస్తామని ఇళ్ళల్లోకి పరుగెత్తారు. అడిగిపెట్టిన కప్ప మాత్రం రోకలితో సహా మా అరుగు మీద ఉండిపోయింది.

కాసేపటికి గుర్తొచ్చి వీరవేణి వచ్చి ముడి విప్పింది. కప్ప ఎడమ వెనక కాలు వాచిపోయి, వాడిన చిక్కుడుకాయలా వేలాడుతోంది.

"అయ్యబాబోయ్! నా చేత్తో నేనే బిగించేశానయ్యా!"

"ఊరుకోవే, కప్పే గదా," అన్నాడు త్రిమూర్తులు. "గట్టు మీద వదిలేస్తే అదే పోద్ది."

"ఎక్కడికి పోద్ది? కుంటి కప్పని కాకి వదుల్తాదా? కాలు బాగయ్యేదాకా ఇక్కడే ఉంటది. ముందా ఉల్లిపాయలు తియ్యి."

ఆవిడ దానికి కాపురం పెట్టిన తీరు చూడాలి. నన్ను తోమి కడిగింది. నా గడపకు పసుపు రాసి బొట్లు పెట్టింది. నాలో కుళాయి నీళ్ళు పోసి, తాడు ఒరిసిన పుండుకు మంచిదని గుప్పెడు పసుపు కలిపింది. కొబ్బరిచిప్పలో పెరుగన్నం పెట్టింది. తెల్లారి ఎండ కాస్తే, వానకు తడిసిన జీవం కదా అని నన్ను ఎండలోకి జరిపింది.

"ఆవకాయ బద్ద కూడా వెయ్యవే, చప్పిడి తినదేమో," అన్నాడు త్రిమూర్తులు.

మధ్యాహ్నానికి నా అద్దాలు పెనంలా కాలాయి. లోపలున్న అతిథిని నేనే వండేస్తున్నానని తెలిసీ చెప్పడానికి నాకు నోరేదీ? కప్ప పాలిపోయింది. గొంతు కింద ఆడే చర్మం ఆగి ఆగి ఆడుతోంది. వీరవేణి కేకకు త్రిమూర్తులు సైకిలెక్కి, పశువుల ఆసుపత్రి కాంపౌండరు అబ్బులును వెనక కూర్చోబెట్టుకొచ్చాడు.

"ఏంటొదినా, పసుపేసి పులుసు పెడుతున్నావా?" అన్నాడు అబ్బులు.

"పుండు మానుద్దని ఏశానయ్యా."

"మనం నోటితో తాగినట్టు కప్ప ఒంటితో తాగుద్ది. సగం ఊపిరి కూడా ఆ చర్మంతోనే. దానికి పసుపూ వద్దు, సబ్బూ వద్దు, బ్లీచింగు వేసిన కుళాయి నీళ్ళూ వద్దు. వాన నీళ్ళతో కడిగి నీడన పెట్టు."

"బతుకుద్దా?"

"చూద్దాం."

వీరవేణి కొంగు నోట్లో కుక్కుకుంది.

మళ్ళీ మొదటినుంచి కాపురం. నా వెనక తలుపు అద్దం తీసి, గాలాడేలా దోమతెర కొట్టారు. అడుగున నాలుగు వేళ్ళ మందాన తడి కొబ్బరిపొట్టు పరిచారు. పగిలిన కుండపెంకు బోర్లిస్తే గుహ అయింది. మూకుడులో దాని నడుము మునగనంత వాన నీళ్ళు పోశారు. ఇక తిండి. కదలనిది కప్పకు తిండిలా కనపడదని అబ్బులు చెప్పిపోయాడు. దాంతో, "కప్పే గదా" అన్న పెద్దమనిషే తువ్వాలు విసురుతూ గట్ల వెంట మిడతల వెనక గెంతాడు. చూసినవాళ్ళకు ఎవరు కప్పో తెలియలేదు.

రెండు రోజులు అది దేన్నీ ముట్టలేదు. వీరవేణి కూడా సరిగ్గా తినలేదు. మూడోనాడు దీపాల వేళ పుట్టల్లోంచి రెక్కల ఉసిళ్ళు లేచాయి. ఆవిడ నా పక్కన లాంతరు పెట్టి తలుపు ఓరగా తీసింది. ఒక ఉసిలి లోపలికొచ్చి పెంకు మీద వాలింది. టప్!

"తిందయ్యో! తినేసింది!"

ఆ సంబరంలో త్రిమూర్తులు షుగరు సంగతి మరిచి బెల్లంముక్క నోట్లో వేసుకున్నాడు.

మూడు వారాలకు ముసురు పట్టింది. చేలనిండా నీళ్ళు, నీళ్ళనిండా బెకబెకలు. మా కప్ప ఆ గోల విని అద్దానికి ముక్కు రాసుకుంటోంది. రాసుకుని రాసుకుని ముక్కు ఎర్రబడింది.

"కాలింకా సరిగ్గా చాపట్లేదే. ఇంకో వారం ఉంచుదాం," అన్నాడు త్రిమూర్తులు.

"ముడేసిందాన్ని నేనే. ఇంకా కట్టేసి ఉంచమంటావా?" అంది వీరవేణి.

ఇద్దరూ చెరోపక్క పట్టి నన్ను చేనిగట్టు మీద దించారు. తలుపు తీశారు. కప్ప గడపదాకా వచ్చి ఆగింది. వీరవేణి బురదలోనే చతికిలబడి దాని ఎడమ కాలి వంకే చూస్తోంది. అప్పుడు లంఘించింది చూడండీ! నీళ్ళు పారే పంట బోదె దాటి, అవతల పడుకున్న గేదె మీంచి, ఎక్కడో తాడిచెట్టు మొదట్లో పడింది. గేదె లేచి నిలబడి మరీ తల వంచింది.

ఆ గేదె సంగతి మాత్రం నేను కల్పించిందే. గేదే లేదు, బోదె దాటడమూ లేదు. కప్ప గెంతింది జానెడు.

కానీ ఆ జానెడూ రెండు కాళ్ళతోనూ గెంతింది.