ఆరు కింద, మూడు పైన

మధ్యాహ్నం భోజనాల వేళ బియూ తాత ఓటు వేసి స్కూలు గేటులోంచి నవ్వుకుంటూ వచ్చాడు. ఆ నవ్వు చూసి ఇరాసిల్డాకు ప్రాణం లేచొచ్చింది. పీతలవాడ సంఘానికి ఆమె అధ్యక్షురాలు. రెసీఫి నగరంలో నది బురదలో కర్రలు పాతి నిలబెట్టుకున్న ఆ వాడ ఉంటుందో ఊడుతుందో ఇవాళ్టి రెండో విడత ఓట్లతో తేలిపోతుంది. తాను మేయరైతే కొత్త సంవత్సరంలోనే ఆ ఇళ్ళు కూల్చి గట్టు మీద రోడ్డు వేస్తానని తవారెస్ మైకులోనే చెప్పాడు. డాక్టర్ హరోల్దు మాత్రం ఇళ్ళ జోలికి రానని వాడకొచ్చి మాటిచ్చాడు. ఊళ్ళో ఇద్దరి బలమూ నువ్వా నేనా అన్నట్టుంది.

"వేసేశానమ్మా," అన్నాడు తాత. "నువ్వు నేర్పినట్టే, ఆరు కింద, మూడు పైన. మర్లూసియా ఫోటో మాత్రం రాలేదు. మిషను పాడైందేమోలే అని పచ్చది నొక్కేశా."



మర్లూసియా మొదటి విడతలోనే ఓడిపోయింది. వాడలో పుట్టి పెరిగిన పిల్ల, ఊరంతటి మీద మూడో స్థానంలో నిలిచింది గానీ, రెండో విడతకు మొదటి ఇద్దరే మిగులుతారు. మిషనులో అంకె నొక్కితే ఆ అభ్యర్థి ఫోటో వస్తుంది, పచ్చ మీట నొక్కితే ఓటు ఖాయమవుతుంది. ఓడినవాళ్ళ అంకె నొక్కితే ఫోటో రాదు, అది తప్పని అక్షరాల్లో చూపిస్తుంది. అక్షరం ముక్క రాని ముసలాయనకు అదేం తెలుస్తుంది? పచ్చ మీట నొక్కాడంటే ఆ ఓటు బూడిదలో పోసిన పన్నీరే.

ఇదంతా ఎవరి పుణ్యం? ఇరాసిల్డాదే. మర్లూసియా అంకె అరవై మూడు, మీటల్లో ఆరుకు సరిగ్గా పైనే మూడుంటుంది. మొదటి విడతకు ముందు అట్టముక్క మీద మీటలు గీసి, ఒక్కొక్కరి వేలూ పట్టుకుని, పాట కట్టి మరీ నేర్పింది. ఆరు కింద, మూడు పైన, ఆపై పచ్చది నొక్కు నాయనా. పీతలు పట్టేటప్పుడు అదే పాట, బట్టలు ఉతికేటప్పుడు అదే పాట. నది పొడుగునా ఉన్న వాడలన్నిటికీ పాకింది. మర్లూసియా ఓడి, హరోల్దుకు మద్దతిచ్చాక, ఇరాసిల్డా మళ్ళీ గడప గడపా తొక్కి కొత్త అంకె ముప్పై ఎనిమిదని చెప్పింది. అందరూ తలలూపారు. తల ఊపడానికి పోయేదేముంది! చెప్పిన మాట చెవిలోనే ఆగిపోయింది, పాట వేలి కొసల దాకా దిగింది. ఆ సంగతి ఆమెకు చేతులు కాలాక గానీ తెలియలేదు.

క్యూ వైపు పరుగెత్తింది. ఎదురింటి జులైదీ పెదవులు కదులుతున్నాయి. దగ్గరకెళ్ళి వింటే అదే పాట. ఓటింగు రోజున ఫలానా అంకె నొక్కమని చెబితే నేరం. గేటు దగ్గర పోలీసులున్నారు, తవారెస్ మనుషులున్నారు. ఇరాసిల్డా జులైదీ చెవిలో కొత్త అంకె ఊదింది.

"ముప్పై ఎనిమిదా? అదెవరిదక్కా?" జులైదీ క్యూ అంతా వినపడేలా అడిగింది.

తవారెస్ మనిషి ఇటు తిరిగాడు. ఇరాసిల్డా అతన్ని చూసింది, వీధి మలుపు దాకా సాగిన క్యూని చూసింది. ఎన్ని చెవుల్లో అని ఊదుతుంది? ఇక ముందూ వెనకా చూడలేదు. అరుగెక్కి గొంతు చించుకుంది.

"ఆ పాట మరిచిపోండి! ముప్పై ఎనిమిది నొక్కండి! మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ పాట పాడకండి!"

మాట పూర్తయ్యేసరికి పోలీసులు ఆమె రెక్క పుచ్చుకున్నారు. వెనక ఉన్నవాళ్ళకు ఆమె మాట సరిగ్గా వినపడనే లేదు. మన ఇరాసిల్డాను లాక్కెళుతున్నారు అన్నంత వరకే అర్థమైంది. ధైర్యం చెబుదామని ఎవరో పాట అందుకున్నారు. క్షణంలో వాడ వాడంతా గొంతు కలిపింది. వద్దు వద్దని ఆమె చేతులూపుతుంటే, వీడ్కోలు చెబుతోందనుకుని వాళ్ళూ చేతులూపారు.

స్టేషన్లో ఇనస్పెక్టరును బతిమాలింది. ఒక్కసారి వదిలితే వాళ్ళకు చెప్పి తిరిగొస్తాననీ, ఆపైన ఏడాది జైల్లో పెట్టినా కిక్కురుమననని ఏడ్చింది. తన ఉద్యోగం పోతుందని ఆయన మొహం తిప్పుకున్నాడు. గోడ గడియారం చూస్తూ కూర్చోవడం తప్ప ఆమె చెయ్యగలిగిందేమీ లేకపోయింది. ఓటింగు ముగిసింది. ఆమె ఓటూ పడలేదు.

చీకటి పడుతుండగానే రేడియో ఫలితం చెప్పింది. కొన్ని వందల తేడాతో తవారెస్ గెలిచాడు. చెల్లని ఓట్లు అంతకు ఎన్నో రెట్లున్నాయని కూడా చదివారు. స్టేషన్లో ఆ మాట పట్టించుకున్నది ఆమె ఒక్కతే.

సంతకం పెట్టించుకుని వదిలేశారు. బయట మెట్ల మీద బియూ తాత, జులైదీ కాచుకుని ఉన్నారు. జులైదీ గిన్నెలో మొక్కజొన్న రవ్వ ఆవిరి మీద ఉడికించి వేడి వేడి కుస్కుస్ తెచ్చింది. తిను అక్కా, నువ్వు చేయాల్సిందంతా చేశావు, మేమూ పాట తప్పకుండా నొక్కాం, డబ్బున్నోళ్ళు మోసం చేసి గెలిచారు అంది. ఊ అనేస్తే సరిపోయేది. ఇరాసిల్డా అనలేకపోయింది.

"తాతా, నీ ఓటు చెల్లలేదు. జులైదీ, నీదీ అంతే. మర్లూసియా అంకెకు ఇవాళ విలువ లేదు. ఆ పాట నేర్పింది నేను. మన ఇళ్ళు నా చేత్తో నేనే కూల్చాను."

జులైదీ గిన్నె కింద పెట్టేసింది. తిడతారనుకుంది ఇరాసిల్డా, తిడితే బాగుండుననుకుంది. బియూ తాత మెల్లగా, కోపం లేకుండా అడిగాడు.

"ఆ కర్రలన్నీ భుజాన మోసి పాతాను. ఇంకో ఇల్లు కట్టే ఓపిక నాకు లేదమ్మా. నన్నెక్కడికి పొమ్మంటావు?"