రెండు కొత్త పిన్నులు

నీళ్ళు సీసా మీది గీత దాకా వచ్చాయో లేదో చూడటానికి బైండింగు మేస్త్రి దాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు. రాత్రి కాచి చల్లార్చిన నీళ్ళు. గీత దాటితే గొట్టంలోకి నీరెక్కుతుంది. తగ్గితే అక్కకు ముక్కు ఎండి నెత్తురొస్తుంది. రెండు చుక్కలు వంచేసి, సీసాను ఆక్సిజన్ మిషనుకు బిగించి మీట నొక్కాడు. మిషను గుర్రుమంది. పదకొండు నెలలుగా ఆ ఇంట్లో పగలూ రాత్రీ అదే చప్పుడు.

అక్క మూడు దిండ్లకు ఆనుకుని మంచం మీద కూర్చునే ఉంది. పడుకుంటే ఊపిరాడదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, పన్నెండేళ్ళ పిల్లంత బరువు. గొట్టం ఒరుసుకుని ఒరుసుకుని రెండు బుగ్గల మీదా గాడి పడింది.

"ఇవాళ అమ్మేస్తావా?" అంది. రెండో మాటకే ఆగి గాలి తీసుకుంది.

"ఇవాళే."

"ఎంతంటాడో."

"పోయిన నెల యాభై వేలన్నాడుగా."

"అన్నవాళ్ళందరూ ఇస్తే... ఈపాటికి మనకి రెండు మేడలుండేవి."

నవ్వబోయింది. దగ్గొచ్చింది. మేస్త్రి వీపు నిమురుతూ నిలబడ్డాడు. చేతికి ఎముకలు ఒక్కొక్కటే తగిలాయి.

మిషను అద్దెది. అద్దెకిచ్చినాయన దుకాణం ఎత్తేస్తున్నాడు. నలభై అయిదు వేలిస్తే మిషను మీకే వదిలేస్తాను, లేకపోతే ఇంకొకాయన బయానా ఇచ్చాడు, గురువారం సాయంత్రం ఆరింటికి వచ్చి పట్టుకుపోతాను అని చెప్పి వెళ్ళాడు. ఇవాళే గురువారం. అక్క ఊపిరి ధర నలభై అయిదు వేలు. ఇంట్లో ఆ ధర పలికే వస్తువు ఒక్కటే ఉంది, ముప్పై రెండు పేజీల బొమ్మల కథల పుస్తకం.

ఆ పుస్తకం అతను కొన్నది కాదు. జీతం కింద వచ్చింది. ముప్పై అయిదేళ్ళ కిందట అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకే ప్రెస్సులో పనిచేసేవాళ్ళు. అతను పిన్నులు కొట్టే మిషను మీద, ఆమె అచ్చయిన ఫారాలు మడిచే గదిలో. ఆ గదిలో ఇరవై మంది ఆడవాళ్ళు. కాగితాలు ఎగిరిపోతాయని యజమాని ఫ్యాను వెయ్యనిచ్చేవాడు కాదు, కిటికీ తియ్యనిచ్చేవాడు కాదు. కాగితపు నుసి దుప్పటిలా గాల్లో వేలాడేది. కాగితం ఒక్కటీ ఎగరలేదు. ఇరవై మందిలో ఇప్పుడు మిగిలింది ముగ్గురు.

ప్రెస్సు మూతపడ్డ రోజున ఏడు నెలల జీతం బాకీ. యజమాని చేతులెత్తేశాడు. డబ్బు లేదు, గోడౌనులో అమ్ముడుపోని బొమ్మల పుస్తకాలున్నాయి, తలా పన్నెండు కట్టలు తీసుకోండి అన్నాడు. అనేసి కారెక్కి వెళ్ళిపోయాడు. దివాలా తీసినవాడికి కారుంది, పనిచేసినవాళ్ళ నెత్తిన కట్టలున్నాయి. చేతిలో లాంతరు పట్టుకుని వంతెన మీంచి దూకుతున్న పిల్ల బొమ్మ ప్రతి కట్ట మీదా ఉంది. అందరూ వారం తిరక్కుండా తూకానికి వేసేశారు. వీళ్ళిద్దరికీ వచ్చినవి కొన్ని వానకు తడిశాయి, కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని పొయ్యిలోకి పోయాయి. అక్క బట్టల పెట్టె అడుగున ఒక్కటి ఎలాగో నలగకుండా మిగిలింది. తర్వాత ఆ లాంతరు పిల్ల హక్కులు ఇంకెవడో కొనుక్కుని పాతికేళ్ళు ఇంటింటికీ అమ్మాడు. దాంతో ఎవరూ కొనని ఆ మొదటి సంచిక బంగారమైంది.

మేస్త్రి పొద్దున్నంతా జిరాక్స్ షాపులో కూర్చుని కాలేజీ పిల్లల ప్రాజెక్టులకు ప్లాస్టిక్ చుట్లు ఎక్కించాడు. యాభై ఏళ్ళుగా ఇదే పని చేసిన చెయ్యి. కాగితాల దొంతరను బల్ల మీద ఒక్క తట్టు తడితే అంచులన్నీ గోడ కట్టినట్టు నిలబడతాయి. ఓనరుకు అది కనబడదు. ఇంకో రెండు తొందరగా కట్టలేవా అని మాత్రం అడుగుతాడు. మధ్యాహ్నం సెలవడిగితే సగం రోజు కోత అన్నాడు. కోసుకోమన్నాడు మేస్త్రి.

పాత పుస్తకాల వ్యాపారి దుకాణం బ్యాంకులా ఉంటుంది. చల్లటి గాలి, గాజు బీరువాలు. పుస్తకాలన్నీ అద్దంలాంటి కవర్లలో, వెనక అట్ట ఆసరాతో, మూలన నంబరు చీటీతో. పదికి ఎన్ని మార్కులో ఆ చీటీ చెబుతుంది. చదవడానికి అక్కడికి ఎవరూ రారు. చదివితే రేటు పడిపోతుంది. పోయిన నెల మేస్త్రి ఇక్కడికే వచ్చి పుస్తకం చూపించాడు. తుప్పు పిన్నులతోనే యాభై వేలిస్తాను, ఇప్పుడే ఇచ్చెయ్యమన్నాడు వ్యాపారి. లాంతరు పిల్ల మీద సినిమా తీస్తున్నారని కబురొచ్చింది, జనం ఎగబడుతున్నారన్నాడు. అప్పుడే ఇచ్చెయ్యాల్సింది. అప్పటికింకా అద్దె మిషను సంగతి తేలలేదు. మేస్త్రికి తొందర లేదు, సిగ్గుంది. పుస్తకం వీపు మీద రెండు పిన్నులూ తుప్పు పట్టి, చుట్టూ ఎర్రటి మరక. అది తను కొట్టిన పిన్ను. తుప్పుపట్టిన పనిని డబ్బుకివ్వడం అతని వల్ల కాలేదు. కాస్త బాగుచేసి తెస్తానన్నాడు. వ్యాపారి ఫోనులో ఎవరితోనో బేరంలో పడి, సరే అని చెయ్యూపాడు.

ఇంటికెళ్ళి నాలుగు రాత్రులు కూర్చున్నాడు. చాకు మొనతో పాత పిన్నులు విప్పి, ఎర్ర మరకను రబ్బరుతో పొడిపొడిగా రుద్దాడు. అప్పటి మందం తీగే వెతికి తెచ్చి, కొత్త బెజ్జం ఒక్కటీ పడకుండా పాత బెజ్జాల్లోంచే దూర్చి, లోపల వేలిగోటితో వంచి నొక్కాడు. అక్క చూసి, ఇవాళ ప్రెస్సులోంచి వచ్చినట్టుందిరా అంది.

వ్యాపారి తెల్ల తొడుగులు వేసుకుని, పుస్తకం వీపును దీపం కిందకు తెచ్చి, భూతద్దం పెట్టాడు. చాలాసేపు చూశాడు. భూతద్దం పక్కన పెట్టాడు.

"ఏం చేశావు బాబాయ్ దీన్ని?"

మేస్త్రి చెప్పాడు. చెబుతున్నంతసేపూ గొంతులో కాస్త గర్వముంది. ఆ గర్వం వింటూ వ్యాపారి కళ్ళు మూసుకున్నాడు.

ఈ వ్యాపారంలో చెయ్యిపెట్టిన సరుకును సరుకనరని చెప్పాడు. తుప్పుంటే ఒక మార్కు పోతుంది. పిన్ను మారిస్తే పుస్తకమే పోయినట్టు. సినిమా కూడా ఆగిపోయింది, పది రోజుల్లో రేటు సగానికి దిగింది. ఆ సగంలో ఇది అయిదో వంతు. అయిదు వేలు. కావాలంటే ఇంకోచోట అడగమని, తనే ఇంకో వ్యాపారికి ఫోను కలిపి, గట్టిగా వినిపించేలా పెట్టాడు. అవతలి గొంతు పిన్నులు మార్చారనగానే, అయితే నాకొద్దు, నువ్వే పెట్టుకో అని నవ్వింది.

మేస్త్రి బల్ల అంచు పట్టుకున్నాడు.

"బాబూ, పాత పిన్ను కొట్టింది నేనే. కొత్త పిన్ను కొట్టింది నేనే. రెంటికీ చెయ్యి ఒకటే. మరి ఇది నకిలీ ఎట్లా అవుతుంది?"

"చేతికి రేటు లేదు బాబాయ్."

"రాసిస్తాను. కింద సంతకం పెడతాను."

"బొమ్మలేసినాయన సంతకమైతే పదింతలిస్తా. పిన్ను కొట్టినవాడి సంతకం నేనెవడికి అమ్మను?"

వ్యాపారి చెడ్డవాడు కాదు. మంచినీళ్ళు తెప్పించాడు. పిన్నులు ముట్టకుండా తెచ్చుంటే ఇవాళైనా ఇరవై అయిదు వేలకు తీసుకునేవాణ్ణి అని బాధపడ్డాడు కూడా. మేస్త్రి నీళ్ళు తాగలేదు. నిమిషంసేపు అతనికి ఆ అద్దాల బీరువాలన్నీ బద్దలు కొట్టాలనిపించింది. కొట్టలేదు. గడియారం చూశాడు. నాలుగు దాటింది. అయిదు వేలు పట్టుకుని మిషనాయన కాళ్ళావేళ్ళా పడితే, మిగతాది నెలనెలా ఇస్తానంటే, ఆయనా పిల్లలు గలవాడే, వింటాడేమో. పుస్తకం వదిలేసి డబ్బు తీసుకున్నాడు. గుమ్మం దాటుతుంటే వ్యాపారి ఆ పుస్తకాన్ని కవరులో పెట్టకుండా పక్కన ఉన్న చవక పుస్తకాల కుప్ప మీద పడేయడం అద్దంలో కనబడింది.

బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. దారి పొడుగునా అక్కకు ఏం చెప్పాలా అని మాట కూర్చుకుంటూనే ఉన్నాడు. తను బాగుందన్న పనే కొంప ముంచిందని ఆమెకు తెలియకూడదు.

ఇంటి ముందు మెట్టు మీద పక్కింటావిడ కూర్చుని ఉంది. అక్క ఇంతసేపూ కబుర్లు చెప్పిందనీ, ఇప్పుడే కునుకు పట్టిందనీ, లేపొద్దనీ అంది. మేస్త్రి చెప్పులు చప్పుడు కాకుండా విప్పాడు. లోపల మిషను గుర్రుమంటోంది. మంచం పక్కన నేల మీద కూర్చుని, చిన్న గొంతుతో కూర్చుకున్న మాట అప్పజెప్పేశాడు.

"రేటు బానే వచ్చిందక్కా. నీ మడతలు చూసి మెచ్చుకున్నాడు. మిషను ఇంక మనదే."

ఏ బేరం సంగతి చెప్పినా, కునుకులో ఉన్నా సరే, అక్క వెంటనే అడిగే మాట ఒకటుంది. ఎంతకిరా అని. చిన్నప్పుడు బలపం కొనుక్కొచ్చినా అడిగేది. మేస్త్రి ఆ మాట కోసం చూశాడు. ఇంకాసేపు చూశాడు. తర్వాత ఆమె పాదం మీద చెయ్యి వేసి, తియ్యలేదు.

సరిగ్గా ఆరింటికి మిషనాయన వచ్చాడు. గుమ్మంలో నిలబడి విషయం గ్రహించి తలకున్న టోపీ తీశాడు. అద్దె ఈ నెలది వద్దులెండి అన్నాడు. మేస్త్రి తలూపాడు. మిషనాయన మీట నొక్కాడు. పదకొండు నెలల తర్వాత ఆ గదిలోకి వీధి చప్పుళ్ళు వచ్చాయి, ఎవరో సైకిలు బెల్లు, ఎవరో పిల్లను తిట్టడం. అక్క బుగ్గల మీంచి గొట్టం మెల్లగా తీసి చుట్టచుట్టి, మిషనును దొర్లించుకుంటూ వెళ్ళిపోయాడు. రేపు పొద్దున అది ఇంకొకరింట్లో గుర్రుమంటుంది. అక్కడ డబ్బుంది.

పక్కింటావిడ గుమ్మం పట్టుకుని ఏడుస్తోంది. మధ్యాహ్నం తనొక బత్తాయి ఇచ్చాననీ, వలిచిపెడతానంటే వద్దు, నాకు చేతులున్నాయందనీ చెబుతోంది.

కిటికీ గట్టు మీద, చిరక్కుండా ఒకే చుట్టుగా ఒలిచిన తొక్కలో సగం బత్తాయి ఉంది. తమ్ముడి కోసం అట్టేపెట్టిన అయిదు తొనలు, పైపొర అప్పుడే ఆరడం మొదలుపెట్టి.