హైమ పాస్‌పోర్టుకు పెట్టిన బొట్టు

నేను ఒక పాస్‌పోర్టును. నీలం అట్ట, దాని మీద బంగారు సింహాలు. ఎక్కడ అచ్చయ్యానో సరిగా గుర్తులేదు గానీ, నన్ను తణుకులో ఇంటికి తెచ్చిన పోస్ట్‌మాన్ చేతి చెమట మాత్రం గుర్తే.

నన్ను అందుకున్నది హైమ. నర్సు. జర్మనీలో ఒక ఆసుపత్రి ఆమెకు ఉద్యోగమిచ్చింది. ఒకటో తారీఖుకల్లా చేరాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. కొన్నేళ్ళు నిలకడగా పనిచేస్తే అక్కడే శాశ్వతంగా ఉండిపోవచ్చట.

రేపు వీసా పనికి హైదరాబాదు ప్రయాణమనగా, అత్తగారు మంగతాయమ్మ నన్ను దేవుడి దగ్గర పెట్టింది. కొత్త బీరువాకీ కొత్త కుక్కరుకీ బొట్టు పెట్టిన చెయ్యి, ఊరుకుంటుందా? నన్ను తెరిచి, ఫోటోలో కోడలి నుదుట నూనెలో తడిపిన కుంకుమ దిద్దింది.

హైమ చూసి కెవ్వుమంది. "అత్తయ్యా! ఇదేం పని!"

"మరి దేశం కాని దేశానికి బోడి నుదురుతో వెళ్తావుటే?"

నర్సుకు తోచేది ఒక్కటే, దూదీ స్పిరిటూ. పుండు కడిగినట్టు కడిగింది. కుంకుమతోపాటు ముక్కూ నోరూ కూడా మసకబారాయి. నేనెవర్నీ ఏమీ అనను. ఒకరు ప్రేమగా పాడుచేశారు, ఒకరు శుభ్రంగా పాడుచేశారు.

వీసా కౌంటర్లో అమ్మాయి నన్ను వెలుగుకు ఎత్తి చూసింది. "ఇందులో ఉన్నది మీరేనా? కొత్తది తెచ్చుకోండి మేడమ్."

"కొత్తదాని దరఖాస్తులో వానలో తడిసిందని రాసెయ్యండి," అన్నాడు ఆ ఉద్యోగం చూపించిన కన్సల్టెన్సీ అతను, ఫోన్లో.

మంగతాయమ్మ రెండు పూటలుగా అన్నం ముట్టలేదు. "అబద్ధం దేనికే? మా అత్త పెట్టిందని రాయి. పట్టుకెళ్తే నన్నే పట్టుకెళ్తారు."

హైమ అలాగే రాసింది, స్పిరిటు సంగతి కూడా దాచకుండా, ఇక్కడి పాస్‌పోర్టు ఆఫీసుకీ అక్కడి ఆసుపత్రికీ. ఆసుపత్రివాళ్ళు నెల గడువిచ్చారు. ఉత్తరం చివర, ఆ బొట్టు దేనికని ఒక ప్రశ్న కూడా అడిగారు.

కొత్త పాస్‌పోర్టు వచ్చింది. వీసా దాని మీద పడింది. నాకు మాత్రం మూల కత్తిరించి, రద్దు ముద్ర కొట్టారు.

బయల్దేరే రోజు మంగతాయమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. "నే ముట్టుకోనే తల్లీ, దాన్ని లోపల పెట్టుకో."

హైమ నవ్వి తల వంచింది. "ఇక్కడ పెట్టండి అత్తయ్యా. దీన్ని ఎవరూ వెనక్కి పంపరు."

ఇప్పుడు నేను దేవుడి పటం వెనక ఉంటాను. ప్రతి శుక్రవారం మంగతాయమ్మ నన్ను తెరిచి, మసకబారిన ఆ మొహానికి నింపాదిగా బొట్టు పెడుతుంది. ఒక్క వీసా అయినా పడని పుస్తకాన్ని. అయితేనేం, శాశ్వత నివాసం హైమకన్నా ముందు నాకే దొరికింది.