పొట్టి తీసుకున్న మాట

చెల్లెలు ఇప్పుడు అక్క కన్నా బెత్తెడు ఎత్తు. అయినా చిన్నప్పుడు తగిలించిన పేరు ఊడలేదు. ఇంట్లో అందరికీ ఆమె పొట్టే. మందుల షాపులో పదేళ్లుగా పనిచేస్తున్న మనిషి. దేన్నైనా కొలిచి చూస్తే గానీ నమ్మదు. ఆమెకి మూడుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ప్రాణం మీదికి వస్తే డాక్టర్లు గర్భసంచి తీసేశారు. ఏడాది పాటు ఆమె ఎవరింటికీ వెళ్లలేదు. చివరికి ఒక ఆదివారం అక్కే నోరు తెరిచింది.

"నీ బిడ్డని నేను మోస్తానే పొట్టీ. నా ఇద్దరూ ఇట్టే పుట్టేశారు కదా."

అలా డాక్టర్ల సాయంతో చెల్లెలిదీ మరిదిదీ అయిన బిడ్డ అక్క కడుపులో పెరిగింది. అక్క స్కూలు యూనిఫాంలు కుడుతుంది. ఆఖరి నెలల్లో పొట్ట అడ్డొచ్చి మిషను ముందు పక్కకి తిరిగి కూర్చుని కుట్టేది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లు "ఎన్నో నెలండీ?" అని అడిగితే "మా చెల్లికి ఎనిమిదో నెల" అనేది. వాళ్లు తెల్లమొహం వేస్తే కడుపు పట్టుకుని నవ్వేది.

ఆడపిల్ల పుట్టింది. రెండు వారాలు అక్క చెల్లెలింట్లోనే ఉండాలని ముందే అనుకున్నారు. పాలు పంపుతో తీసి బాటిల్లో పోసివ్వడం, స్నానం చేయించడం నేర్పడం ఆమె వంతు. అక్క పిల్లలిద్దరినీ వాళ్ల నాన్న చూసుకుంటానన్నాడు. ఆస్పత్రి నుంచి బయల్దేరేముందు పొట్టి అక్క చెయ్యి పట్టుకుంది.

"ఒక్కటే అడుగుతానక్కా. పాలు నీవే తాగుతుంది, సరే. రొమ్ముకి మాత్రం పెట్టకు. ఆ బాటిలైనా నా చేత్తో తాగనీ."

"పిచ్చిమొహమా, ఇది కూడా చెప్పాలా?" అంది అక్క.

నాలుగో రోజు మధ్యాహ్నం మరిది ఆఫీసుకి వెళ్లాడు. పొట్టి రెండు రోజుల తర్వాత తలస్నానానికి వెళ్లింది. ఆ సమయానికే పాప లేచింది. ఫ్రిజ్‌లోంచి తీసిన బాటిల్ వేడినీళ్లలో ఉంది కానీ ఇంకా చల్లదనం వదల్లేదు. అక్క రొమ్ములు రాళ్లలా గట్టిపడి ఉన్నాయి. పాప ఏడుపు వినగానే జాకెట్టు తడిసిపోయింది. తనకు తెలియకుండా జరిగిపోయిందని తర్వాత ఎన్నోసార్లు అనుకోవాలని చూసింది. కానీ తెలిసే చేసింది. పాపను ఎత్తుకుంది, బాత్‌రూమ్‌లో నీళ్ల చప్పుడు వింది, రెండు బొత్తాలు విప్పింది.

పాప వెతుక్కోనైనా లేదు. ఎప్పటినుంచో అలవాటున్నట్టు పట్టేసింది. అక్కకి ఒళ్లంతా బరువు దిగినట్టయింది.

నీళ్ల చప్పుడు ఆగగానే గబగబా బొత్తాలు పెట్టుకుంది. బాటిల్‌లో పాలు అలాగే ఉన్నాయి. సగం సింకులో ఒంపేసింది.

"తాగిందా?" అంటూ పొట్టి తల తుడుచుకుంటూ వచ్చింది.

"ముప్పై ఎమ్మెల్ తాగింది."

పొట్టి ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం మీద టైము వేసి, ముప్పై అని రాసుకుంది. "మంచి పిల్ల" అని సంతోషపడింది. అక్క నవ్వలేక నవ్వింది.

ఇంకెప్పుడూ చెయ్యకూడదనుకుంది. ఐదో రోజు ఒకసారి, ఆరో రోజు రెండుసార్లు చేసింది. ఆరో రోజు సాయంత్రానికి పాప బాటిల్‌ని నాలుకతో బయటికి నెట్టేయడం మొదలుపెట్టింది. మరిది మూడు రకాల పాలపీకలు కొనుక్కొచ్చాడు. ఏదీ పట్టలేదు. చెంచాతో పోస్తే రెండు గుక్కలు మింగి, గుక్కపెట్టి ఏడ్చింది.

ఏడో రోజు ఉదయం ఇళ్లకు వచ్చి చూసే నర్సు పాపని తూచి పెదవి విరిచింది.

"రొమ్ము గానీ పట్టించారా? ఆ రుచి మరిగితే కొందరు బాటిల్ ముట్టరు."

"లేదండీ" అంది పొట్టి వెంటనే. "మా అక్క మాటంటే మాటే."

అక్క కుక్కిన పేనులా కూర్చుని తువ్వాలు మడతపెడుతోంది. మడిచిన దాన్నే విప్పి మళ్లీ మడిచింది. ఒక్క మాట చెబితే అయిపోయేది.

నర్సు వెళ్లాక పొట్టి ఉయ్యాల పక్కన నేల మీద చతికిలబడింది.

"దానికి తెలిసిపోయిందక్కా, మోసింది నేను కాదని. నా చెయ్యి తగిలితేనే ఏడుస్తోంది. ఒక నెల నువ్వే తీసుకెళ్లి పెంచు. నేను షాపుకి పోతాను."

అక్క తువ్వాలు పక్కన పెట్టేసింది.

"దానికేం తెలియదే. తప్పు నాది. నేనే రొమ్ముకి పెట్టాను."

పొట్టి అడిగింది: "ఎన్నిసార్లు?"

"నాలుగు."

"మరి బాటిల్‌లో పాలు?"

"సింకులో పోశాను."

పొట్టి లేచి వెళ్లి కాగితం ముందు నిలబడింది. "ఏవేవి?" అంది. అక్క వేలితో చూపిస్తుంటే పెన్నుతో ఒక్కొక్కటే కొట్టేసింది. నాలుగూ అయ్యాక వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఎలా అనిపించింది?"

ఏమీ అనిపించలేదని నోటిదాకా వచ్చింది. అప్పటికే చాలా అబద్ధాలయ్యాయి.

"హాయిగా ఉండిందే" అంది అక్క.

పొట్టి తల ఊపింది. పాపని తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

అక్క బ్యాగు సర్దుకుంది. భోజనానికి వచ్చిన మరిది ఆ బ్యాగు చూసి "ఏంటి వదినా?" అన్నాడు. ఆమె చెప్పింది. అతను చెప్పు విడిచిన కాలూ విడవని కాలూ అలాగే పెట్టుకుని నిలబడిపోయాడు. లోపల పాప ఏడుపు మొదలైంది. గది తలుపు తెరుచుకుంది.

"ఎక్కడికి?" అంది పొట్టి.

"ఇంటికి. ఏ మొహం పెట్టుకుని ఉండమంటావు?"

"వెళ్తే నీ మనసు తేలికవుతుంది. నాకేం ఒరుగుతుంది? దీనికి బొడ్డు ఊడలేదు, స్నానం చేయించడం నాకు రాదు, పాలు నీ దగ్గరే ఉన్నాయి. ఉండు. కానీ ఇది ఏడ్చినప్పుడల్లా బయటికి వెళ్లు. నీ గొంతు కూడా దానికి వినపడకూడదు."

అక్క బయటికి వెళ్లి మూడో అంతస్తు మెట్ల మీద నిలబడింది. మూసిన తలుపు వెనక నుంచి ఏడుపు స్పష్టంగా వినిపిస్తోంది. జాకెట్టు మళ్లీ తడిసింది. పై అంతస్తు ముసలాయన సంచీతో ఎక్కుతూ "తాళం మరిచిపోయావా అమ్మా?" అని అడిగాడు. చేతులు గుండెలకి అడ్డం పెట్టుకుని, "గాలికి నిలబడ్డానండీ" అంది. అక్కడ గాలి అన్నదే లేదు. రెండుసార్లు ఆమె చెయ్యి బెల్లు దాకా వెళ్లింది. రెండుసార్లూ వెనక్కి తీసుకుంది. ఆ పిల్లకి ఆకలీ, చెల్లెలికి ఈ అవస్థా తన చేతుల మీదుగా వచ్చినవే.

ముప్పావు గంటకి ఏడుపు ఆగింది. అయినా లోపలికి వెళ్లే ధైర్యం చాల్లేదు. మరిదే తలుపు తీశాడు.

"ఇరవై తాగింది వదినా."

"ఇరవై రెండు" అంది లోపల్నుంచి పొట్టి. జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయి ఉంది, పాప ఆమె భుజం మీద నిద్రపోయింది. అక్క వైపు చూడలేదు. "పాలు తీసి పెట్టు. మూడింటికి మళ్లీ లేస్తుంది."

తర్వాతి వారమంతా అక్క ఎన్నిసార్లు బయటికి వెళ్లిందో లెక్కలేదు. మూడో రోజుకి పాప నలభై తాగింది. ఐదో రోజుకి పొట్టి గొంతు వినపడితే ఏడుపు ఆపి చూడటం మొదలుపెట్టింది. స్నానం చేయించేటప్పుడు అక్క పక్కన పీట వేసుకుని "మెడ కింద చెయ్యి పెట్టు, చెవుల్లోకి నీళ్లు పోనీకు" అని చెబుతుంటే పొట్టి మారుమాట లేకుండా చేసేది. పనికి సంబంధించిన మాటలు తప్ప ఇద్దరి మధ్యా వేరే మాటలు లేవు. క్షమించానని పొట్టి అనలేదు. అడగడానికి అక్కకి నోరు రాలేదు.

వెళ్లే రోజు కింద అక్క భర్త బండి హారన్ కొట్టాడు. అక్క బ్యాగు భుజాన వేసుకుని, పాపని దూరం నుంచే చూసి గుమ్మం వైపు నడిచింది.

"ఆగు" అంది పొట్టి. పాపని తెచ్చి అక్క చేతుల్లో పెట్టింది. "ఎత్తుకోకుండా వెళ్తావా?"

అక్క రెండు చేతులతో పాపను ఒళ్లు తగలనంత దూరంగా పట్టుకుంది. నిద్రలో పాప నోరు కదిలింది, తల అక్క రొమ్ము వైపు తిరిగింది. కళ్లు తెరవకముందే అక్క పాపని తిరిగి ఇచ్చేసి, గబగబా మెట్లు దిగిపోయింది.