ఎర్ర పోగు

నాకు నోరెక్కువని మా దవాఖానలో అందరికీ తెలుసు. పిల్లల్ని ఆలస్యంగా తెచ్చే తల్లుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. పాలమూరులో ఇరవై ఏళ్ళు నర్సుగా చేశాను, నా తిట్లు తినని తల్లి లేదనే చెప్పాలి. అందులో శారదమ్మను తిట్టినందుకు మాత్రం ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

అది అరవై రెండో సంవత్సరం, ఎండాకాలం. కల్వకుర్తి దగ్గరి పల్లె నుంచి వెంకటరాజం అనే నేతగాడు భార్య శారదమ్మతో పొద్దున బస్సుకు వచ్చాడు. ఆమె చంకలో రెండున్నరేళ్ళ కూతురు ఆండాళు తల వాల్చేసి ఉంది. కడుపు ఉబ్బి చర్మం నిగనిగలాడుతోంది. చేతుల్లోకి తీసుకున్నానో లేదో, నా తెల్లచీర మీదే భళ్ళున కక్కింది. అంతా పచ్చటి పసరు. పాలు కక్కితే భయం లేదు. పసరు కక్కుతున్నారంటే పేగులో ఎక్కడో దారి మూసుకుపోయినట్టే.

"ఎన్నొద్దులాయె?"

"నాలుగొద్దులు సిస్టరమ్మా. రెండొద్దుల సంది దొడ్డికి పోలే. గాలి గూడ పోతలేదు."

"ఆముదం తాపినవా?"

"మా అత్త తాపింది. రెండుమాట్ల."

"దారి మూసుకపోయినంక ఆముదం తాపుతే పేగు పగులుతదే! బిడ్డను సంపుదామనుకున్నవా?" అని అరిచాను. ఆమె తల దించుకుంది. వెంకటరాజం వరండా స్తంభానికి ఆనుకుని తువ్వాల అంచు పీకుతూ నిలబడ్డాడు.

యోహాను డాక్టరు వచ్చి పిల్ల కడుపు మీద చెయ్యి వేశారు. నన్ను వంగి చూడమన్నారు. పల్చటి చర్మం కింద పేగు కదలడం కళ్ళకు కనిపిస్తోంది. ఒక పొంగు ఎడమ నుంచి కుడికి పాకి ఒకచోట ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా పిల్ల కాళ్ళు ముడుచుకుని కెవ్వుమంటోంది.

"ఏలికపాములు ముద్దగా అడ్డం పడి ఉంటాయి" అన్నారాయన. మా వైపు పిల్లల్లో అది మామూలే. ఎక్స్‌రేలో పేగులు గాలితో, నీళ్ళతో ఉబ్బి మెట్లు మెట్లుగా కనిపించాయి. ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోని పసరు లాగేశాం. నరానికి సెలైను పెట్టాం. పాముల ముద్ద అయితే ఒక రోజులో తనంతట తానే విడిపోవచ్చని, తెల్లారేదాకా చూద్దామన్నారు.

నేను ఊరుకుంటానా? పనిలో సందు దొరికినప్పుడల్లా శారదమ్మను పట్టుకున్నాను.

"ఏం తినబెట్టినవ్? నిజం చెప్పు."

"బువ్వ, గంజి. గంతే సిస్టరమ్మా."

"మన్ను తింటదా? బొగ్గు తింటదా? నువ్వు సూస్తలేవా?"

"నూలు కండెలు సుట్టుకుంట గూడ ఓ కన్ను దాని మీదనే ఉంచుత."

అబద్ధమన్నాను. తండ్రిని ఒక్క మాట కూడా అడగలేదు. తినిపించేది తల్లే కదా అనుకున్నాను.

తెల్లారింది గాని ముద్ద విడలేదు. నాడి పరుగెడుతోంది, కడుపు చెక్కలా గట్టిపడింది. ఇక ఆగితే పిల్ల దక్కదన్నారు డాక్టరు. ఈథరు మత్తు ఇచ్చి కడుపు తెరిచారు.

పాములు లేవు. పావడా బొందు లాగితే కుచ్చిళ్ళు పడతాయి చూడండి, పేగంతా అట్లా ముడతలు పడి దగ్గరికొచ్చేసింది. అన్నేళ్ళలో అటువంటిది నేను చూసి ఎరగను. డాక్టరు పేగుకు చిన్న గంటు పెట్టారు. లోపల సన్నగా, ఎర్రగా ఏదో బిగుసుకుని ఉంది. నరమనుకున్నాను. ఆయన చిమటాతో పైకెత్తారు.

నూలు పోగు!

నేను చెయ్యి చాపబోయాను. "లాగకు జానమ్మా! లాగితే పేగు కోసుకుపోతుంది" అని కసిరారు. మూడు చోట్ల గంట్లు పెట్టి, పోగును తుంచుతూ తుంచుతూ తీశారు. దాని మొదలు జీర్ణాశయంలో ఉంది. అక్కడ నిమ్మకాయంత నూలుండ. ఎరుపు, నలుపు, పసుపు. గంట్లన్నీ కుట్టి కడుపు మూశారు. తీసిన నూలంతా నా చేతిలోని గిన్నెలో వేశారు.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆ నూలు కడిగి గిన్నెలో పట్టుకుని వరండాలోకి పోయాను.

"సూడు! నూలు తింటున్నదే నీ బిడ్డ! ఓ కన్ను ఉంచుతనంటివి!"

శారదమ్మ గిన్నెలోకి చూసి కూలబడింది. "నాకు ఎర్కలేదు సిస్టరమ్మా. నా బిడ్డ తోడు, నాకు ఎర్కలేదు."

స్తంభం వైపు తలెత్తి చూశాను. వెంకటరాజం కళ్ళు గిన్నెకు అతుక్కుపోయాయి. భుజం మీది తువ్వాలకు ఒకవైపు అంచు పోగులే లేవు. అతని ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది. మెల్లగా నోట్లో వేలు పెట్టి తడి పోగుల ముద్దను బయటికి తీశాడు.

నేను గిన్నె కింద పెట్టాను.

"పోగు తెగుతే అతికి కొస కొరుకుత" అన్నాడు, ఎవరితోనో చెబుతున్నట్టు. "బుగ్గల పెట్టుకుంట. నిండినంక ఉమ్ముత. అది మగ్గం గుంట ఒడ్డుకు కూసుని నన్నే సూస్తది. నేను కొరుకుతే అదీ కొరికినట్టు జేస్తది. ఆట అనుకున్న. నవ్విన సిస్టరమ్మా, ముద్దొచ్చి నవ్విన." చేతిలోని ముద్దను చూస్తూ అన్నాడు, "దానికి ఉమ్ముడు తెల్వది."

శారదమ్మ మొగుడి వైపు చూడలేదు, నా వైపే చూసింది. తప్పయిందమ్మా అని నేను అనాలి. అంత నోరున్నదాన్ని, అనలేకపోయాను.

ఆండాళు బతికింది. అయిదో రోజుకు గంజి తాగింది. ఎనిమిదో రోజు కుట్లు విప్పాను. మొదటి కుట్టు కత్తిరించి, నల్లటి దారం ముక్కను పళ్ళెంలో పెట్టి రెండో కుట్టు మీదికి వంగాను. తలెత్తేసరికి దారం లేదు. ఆండాళు పళ్ళతో కొరికినట్టు చేసి, బుగ్గన ఏదో నొక్కుకుని, తండ్రి వైపు చూసి నవ్వుతోంది. మెచ్చుకుంటాడని.

శారదమ్మ కేక పెట్టింది.

వెంకటరాజం మాత్రం అరవలేదు. మంచం ముందు మోకాళ్ళ మీద కూర్చుని నోరు బార్లా తెరిచి చూపించాడు. లోపల ఏమీ లేదు. పక్కకు తిరిగి "థూ" అన్నాడు. "నువ్వు గూడ అను బిడ్డా. థూ." పిల్ల చోద్యంగా చూసింది. అతను మళ్ళీ "థూ" అన్నాడు. మూడోసారి కూడా అన్నాడు.

"థూ" అంది ఆండాళు.

నల్ల దారం అతని అరచేతిలో పడింది. అతను గుప్పిట మూసుకున్నాడు. మిగిలిన కుట్లన్నీ విప్పేదాకా ఆ గుప్పిట తెరవలేదు.