నిండు బండికి చక్రాలు

చక్రాల సంగతి సారయ్యకు తెలిసినంతగా ఆయనుండే బాబుపేట్ మొత్తంలో ఇంకొకరికి తెలియదని ఎవరైనా అంటే ఆయన కాదనేవాడు కాదు. బల్లార్‌పూర్ దగ్గరి ఓపెన్‌కాస్ట్ గనిలో, టైర్ల సెక్షన్‌లో ఇరవై ఎనిమిదేళ్లుగా పని. అక్కడ బొగ్గు మోసే డంపర్ బండి టైరు వెనక ఆయన నిలబడితే తల మీది హెల్మెట్ కూడా ఇవతలికి కనపడదు. అంతంత టైర్లను దింపీ ఎక్కించీ చేతులు మొద్దుబారాయి గానీ మాట మాత్రం మెత్తగానే ఉండిపోయింది. భార్య లస్మవ్వ ముందైతే మరీ మెత్తన.

అలాంటి మనిషి ఇంట్లో, తొంభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో, పదిహేను రోజులు చక్రాల గురించి తప్ప వేరే మాట నడవలేదు. ఆ పదిహేను రోజుల్లో ఆయన్ని ఒక్కరంటే ఒక్కరు ఒక్క మాట అడగలేదు.

చక్రాలు అల్లుడి కారువి. అల్లుడు వినాయక్ ఊర్జానగర్‌లో కేబుల్ టీవీ నడుపుతాడు. రాత్రి వార్తలయ్యాక టీవీ మీద గుడ్డ కప్పి పడుకునే జనానికి ముప్ఫై ఛానెళ్లు అలవాటు చేసి, రెండేళ్లలో బాగానే పైకొచ్చాడు. పేపరు మిల్లు ఆఫీసరు ఒకాయన బదిలీ మీద పోతూ అమ్మేసిన ఎస్టీమ్ కారు కొన్నాడు. ముదురాకుపచ్చ రంగు, కాలు కాస్త నొక్కితే చాలు దూసుకుపోయే బండి. దానికున్న ఇనుప చక్రాలూ వాటి మీది ప్లాస్టిక్ మూతలూ మాత్రం అతనికి నచ్చలేదు. సూటు వేసుకున్నవాడు తలకు తువ్వాలు చుట్టినట్టుందని భార్య వనితతో అన్నాడట. అల్లాయ్ చక్రాలు వేయాలి, వెడల్పాటి టైర్లు వేయాలి, బండి నేలను పట్టుకుని కూర్చున్నట్టు కనపడాలి. అదీ అతని ముచ్చట.

ఆదివారం అత్తారింటికి వచ్చినప్పుడల్లా బొమ్మల పుస్తకం మంచం మీద పరిచేవాడు. అయిదు పుల్లల చక్రం బాగుందా, పన్నెండు పుల్లలదా అని వనితను అడిగాడు. వంటింటి గడప దగ్గర కొంగు సవరించుకుని నిలబడ్డ లస్మవ్వనూ అడిగాడు. ఆమె పువ్వులా ఉన్నదాన్ని చూపించింది. సారయ్య అక్క మల్లమ్మ, బస్సు తప్ప ఏ బండీ ఎక్కి ఎరగని మనిషి, ఆమె అభిప్రాయం కూడా తీసుకున్నాడు. సారయ్య మాత్రం కుర్చీలో కూర్చుని పేపర్లో ఒకే పేజీని నాలుగుసార్లు తిప్పాడు. బొగ్గు దుమ్ములో పొర్లేవాడికి ఇలాంటి సొగసు బండ్ల గురించి ఏం తెలుస్తుందని అల్లుడు అనుకున్నాడేమో అనిపించి మనసు చివుక్కుమంది.

తనంతట తనే చెప్పొచ్చు కదా అంటారా? ఆ ఇంట్లో అది కుదిరే పని కాదు. అల్లుడు ఒకసారి వంకాయ కూర బాగుందన్నందుకు ఆ నెలంతా వంకాయే వండిన ఇల్లది. అల్లుడి ముచ్చటకు అడ్డం మాట్లాడ్డం వాళ్ల వంశంలోనే లేదు. అడిగితే చెప్పాలి, అడగకపోతే నవ్వుతూ కూర్చోవాలి. సారయ్య నవ్వుతూ కూర్చున్నాడు.

నాగ్‌పూర్ రోడ్డు మీద నితిన్ అనే కుర్రాడు కొత్తగా పెట్టిన దుకాణానికి శనివారం బయలుదేరినప్పుడు, కార్లో చోటుంది కదా అని సారయ్యను కూడా ఎక్కించుకున్నారు. వినాయక్, నితిన్ మరాఠీలో గలగలా మాట్లాడుకుంటూ పన్నెండు పుల్లల చక్రం తేల్చేశారు. నాలుగు బోల్టులూ సరిగ్గా కూర్చున్నాయి. మెకానిక్‌లు జాకీ దించారు. తళతళా మెరుస్తూ, టైర్లు మడ్‌గార్డు అంచు దాకా బయటికొచ్చి, బండి నిజంగానే చూడముచ్చటగా ఉంది.

సారయ్య వెనక చక్రం దగ్గర వంగి, టైరుకూ పైనున్న మడ్‌గార్డు రేకుకూ మధ్య వేళ్లు పెట్టి చూశాడు. రెండు వేళ్లు కష్టం మీద దూరాయి. చక్రం లోపలికి కూర్చోవలసినంత కూర్చోలేదు, రెండంగుళాలు బయటికి వచ్చేసింది. బండి ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది. నలుగురు ఎక్కితే స్ప్రింగు దిగుతుంది, దిగితే రేకు టైరును కోస్తుంది. గనిలో ఏ టైరునూ ఖాళీ డంపర్ మీద చూసి ఖాయం చేయరు. బొగ్గు నింపి, గుంతలో దింపి, అప్పుడు చూస్తారు. ఇది సారయ్య ఎంతమంది కొత్తవాళ్లకు నేర్పాడో లెక్కలేదు.

చెబుదామని లేచాడు. వినాయక్ కారు చుట్టూ తిరుగుతూ చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నాడు. పరాయివాళ్ల ముందు అల్లుణ్ని చిన్నబుచ్చడానికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే, అడగలేదన్న కోపం కూడా లోపల ఓ మూల లేకపోలేదు. చేతులు దులుపుకుని, చాలా బాగుందన్నాడు.

మర్నాడే రాజురాలో సారయ్య తమ్ముడి మనవడికి తొట్టెల పండుగ. అందరూ బస్సుకు పోవాలని ముందు అనుకున్నదే. పొద్దున లేస్తూనే సారయ్య, కారుండగా బస్సెందుకని కొత్త మాట ఎత్తాడు. లస్మవ్వ ఆశ్చర్యపోయింది. ఈయన ఎప్పుడూ అల్లుణ్ని ఒక్క పని అడిగిన మనిషి కాదు. వినాయక్‌కు మాత్రం కొత్త చక్రాలు చుట్టాలకు చూపించే అవకాశం దొరికింది, సంతోషంగా ఒప్పుకున్నాడు. సామాన్లు సారయ్యే దగ్గరుండి ఎక్కించాడు. డిక్కీలో బియ్యం సంచి, స్టీలు గిన్నెలు, పాపడికి కర్ర తొట్టెల. వెనక సీట్లో లస్మవ్వ, వనిత, ఆమె ఒళ్లో మూడేళ్ల పాప, వాళ్ల మధ్య మల్లమ్మ. మల్లమ్మ ఒక్కతే ఇద్దరి పెట్టు. ఇప్పుడు బండే చెబుతుందిలే, నా నోటితో అనే పని లేదు అనుకుని, అల్లుడి పక్కన కూర్చున్నాడు సారయ్య.

బల్లార్‌పూర్ దాటేదాకా బండి మెత్తగా పోయింది. వార్ధా నది వంతెనకు ముందు రోడ్డు దిగిపోయిన చోట మొదటిసారి బర్రుమంది. గిన్నెల చప్పుడన్నాడు వినాయక్. రెండోసారి ఇంకా గట్టిగా బర్రుమంది. తన బరువుకేనేమోనని మల్లమ్మ ఊపిరి బిగపట్టి కూర్చుంది. మూడోసారికి రబ్బరు మాడిన వాసన వచ్చింది. బండి పక్కకు ఆపారు.

వెనక రెండు టైర్ల బయటి అంచులూ రేకుకు రాసుకుని గీరుకుపోయాయి. ఒక వైపు మడ్‌గార్డు అంచు కాస్త వంగింది కూడా. వినాయక్ గొంతుక్కూర్చుని ఆ గీరును వేలితో తడుముతూ ఉండిపోయాడు. సారయ్య ఈ నిమిషం కోసమే నిన్నటి నుంచి ఎదురుచూశాడు. తీరా వచ్చాక ఆయనకు ఏమీ బాగనిపించలేదు. పిల్లాడి బొమ్మ తనే విరగ్గొట్టినట్టు సిగ్గుపడ్డాడు.

వినాయక్ తల ఎత్తి చూశాడు. "నిన్న దుకాణంల టైరు కాడ ఏళ్లు వెట్టి సూసిండ్రు గద మామా. మీకు అప్పుడే తెల్సు."

"తెల్సు," అన్నాడు సారయ్య.

"మరెందుకు చెప్పలె?"

"నువ్వు అడగలె, అల్లుడా."

లస్మవ్వ కిటికీలోంచి భర్త వైపు చూసిన చూపు చాలా మాటలే అంది. డిక్కీలో సామాను దించి, మల్లమ్మ, సారయ్యతో సహా అందరూ ఆటోలో రాజురాకు పోయారు. ఖాళీ కారు వినాయక్ ఒక్కడితో వెనకే మెల్లగా వచ్చింది. తొట్టెల పండుగలో సారయ్యకు లడ్డూ కూడా రుచించలేదు.

సోమవారం సారయ్య డ్యూటీ దిగి వచ్చేసరికి వినాయక్ గుమ్మంలో ఉన్నాడు. నితిన్‌తో మాట్లాడానని, చక్రాలు మార్చి ఇస్తానన్నాడని, పెద్ద కారు ఉన్నాయన ఎవరో ఆ వెడల్పువి అడుగుతున్నాడని గబగబా చెప్పాడు. చివర్లో గొంతు తగ్గించి, "ఏది వెయ్యాల్నో మీరే చెప్పాలె మామా, నడువుండ్రి," అన్నాడు. సారయ్య అన్నం సంగతి మరిచిపోయి చొక్కా మార్చుకున్నాడు.

ఆ సాయంత్రం నితిన్ దుకాణంలో సారయ్య రాజ్యం నడిచింది. చక్రాలన్నిటినీ బోర్లించి, పైన ఎంత అందంగా ఉన్నాయో చూడకుండా, బండి ఇరుసు చివరి హబ్‌కు ఆనే వెనక భాగం ఎంత లోతుందో స్కేలు పెట్టి చూశాడు. పాత ఇనుప చక్రం లోతుతో పోల్చాడు. నాలుగు రకాలు పక్కన పెట్టించి, అయిదు పుల్లల చక్రం ఒకటి తీశాడు. మెరుపు కాస్త తక్కువే, అయినా బండి మీద పెట్టి చూస్తే వినాయక్ ముఖం వెలిగింది. టైరు వెడల్పు ఒక మెట్టు తగ్గించారు. మడ్‌గార్డు లోపలి అంచుకు సారయ్య మందంగా సుద్ద పూశాడు. తర్వాత నితిన్‌నూ, ఇద్దరు మెకానిక్‌లనూ, ఎదురుగా టీ కొట్టు నడిపే భారీ మనిషినీ కార్లో కూర్చోబెట్టాడు. నవ్వుతూనే ఎక్కారందరూ. వినాయక్ గుంతల రోడ్డంతా తిప్పుకుని వచ్చాడు. దిగి చూస్తే సుద్ద పూసింది పూసినట్టే ఉంది, టైరు ఎక్కడా తగల్లేదు. నితిన్ తన నోటుబుక్కు తీసి, సుద్ద సంగతి మరాఠీలో రాసుకున్నాడు.

కొత్త చక్రాలు కాస్త తిరిగి వచ్చాక బోల్టులు ఇంకోసారి బిగించాలి. గనిలో ఆ చివరి బిగింపు సారయ్య ఎవరికీ వదిలేవాడు కాదు. పానా తీసుకుని, మోకాళ్ల మీద చేయి ఆన్చి, చక్రం ముందు కూర్చోబోయాడు. వినాయక్ చటుక్కున ఆయన భుజం పట్టుకుని ఆపాడు.

"మీరు వద్దు మామా. పోరగాళ్లున్నరు, వాళ్లు బిగిస్తరు."

సారయ్య చేయి గాల్లోనే ఆగిపోయింది. సలహా వరకే అన్నమాట, పని దగ్గరికి రానివ్వడు అనుకున్నాడు. ఈసారి మాత్రం మింగేసి ఊరుకోలేదు. "నా చెయ్యి వడితే బండి షాన్ వోతదా?" అని అడిగేశాడు.

వినాయక్ చుట్టూ చూసి, మామకు దగ్గరగా జరిగాడు.

"పెండ్లిల మీరు పళ్లెం వెట్టి నా కాళ్లు గడిగిండ్రు మామా. గప్పుడే నాకు పానం ఎట్లనో అయ్యింది. మల్ల నా బండి చక్రాల కాడ గూసోమని మిమ్ముల ఏ మొఖంతోని అడగాలె? గందుకే మొదటి సంది అడగలె. మీకు తెల్వదని కాదు."

పదిహేను రోజులుగా సారయ్య దిగమింగిన ముల్లు, అల్లుడి గొంతులోనూ అప్పటి నుంచీ ఉందన్నమాట. కోపం ఎటు పోయిందో పోయింది.

"ఆనాడు కాళ్లు గడిగింది పెండ్లి జేసిన అయ్యగారు గడగమన్నడని, బిడ్డా," అన్నాడు. "గిది నాకు వచ్చిన పని. నేను మొగోన్నయినంక నేర్చుకున్నది గిదొక్కటే. మర్యాదని చెప్పి దీన్ని నా చేతులకెల్లి గుంజుకోకు."

వినాయక్ భుజం మీది చేయి తీసేశాడు. సారయ్య చక్రం ముందు హాయిగా కూర్చుని మొదటి బోల్టు బిగించాడు, తర్వాత దానికి ఎదురుగా ఉన్నదాన్ని. రెండో చక్రం దగ్గరికి జరిగేసరికి ఇస్త్రీ ప్యాంటుతోనే అల్లుడు ఆయన పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎంత గట్టిగా బిగించాలో ఎట్లా తెలుస్తుందని అడిగాడు. సారయ్య పానా అతని చేతికిచ్చి, దాని మీద తన చేయి వేశాడు.